వసీయత్, హిబా, దస్తావేజు

మన సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో వ్రాయబడిన ఏదైనా ఒక తెలుగు పత్రాన్ని చేతిలోకి తీసుకొని చూస్తే, అందులోని మాటలు పలు భాషల ఇళ్ళ నుండి వచ్చి ఒకచోట కూర్చున్నవని తెలుస్తుంది. ‘ఆస్తి’ సంస్కృతపు మాట. ‘హక్కు’, ‘దాఖలు’ అరబ్బీవి. ‘దస్తావేజు’ పారసీకం. ‘వారసుడు’ అన్న మాటలో అరబ్బీ ‘వారిస్’కు తెలుగు ప్రత్యయం తగిలింది. ‘వీలునామా’ మరీ చిత్రమైనది. ఇంగ్లీషు ‘విల్లు’కు పారసీక ‘నామా’ను జోడించి మనవారు చేసుకొన్న మాట అది. ఉర్దూలో దానినే వసీయత్‌నామా అంటారు. తెలుగు పండితులు మరణశాసనమన్నారు గాని, ఆ మాట గ్రంథాలలోనే నిలిచిపోయింది.

మాటలు ఇంతగా కలిసిపోయినా, వాటి వెనుకనున్న చట్టాలు మాత్రం కలియలేదు. హిందువు వ్రాసే వీలునామాకు ఒక నియమం, ముస్లిం చేసే వసీయత్‌కు మరొక నియమం, క్రైస్తవునికి వేరొకటి. ఇంటిలో పెద్దవారు కాలం చేసినప్పుడు ఇనప్పెట్టె తెరచి కాగితాలు చదివే పని తరచుగా కళాశాలలో చదువుకొంటున్న కుమారునికో, కుమార్తెకో వచ్చి పడుతుంది. ఆ పనికి కావలసిన ప్రాథమిక జ్ఞానాన్ని అందించుటయే ఈ వ్యాసం ఉద్దేశం. మన కళాశాల విద్యార్థులలో అధిక సంఖ్యాకులకు వర్తించే ముస్లిం న్యాయాన్ని ప్రధానంగాను, తక్కినవాటిని అవసరమైనంత మేరకును చెప్పుకొందాము.

ముందుగా ఒక మౌలిక విషయం. ముస్లిం న్యాయంలో పుట్టుకతో వచ్చే హక్కు లేదు. తండ్రి జీవించియున్నంత కాలం, అది ఆయన స్వయంగా సంపాదించినదైనా, తాతగారి నుండి వచ్చినదైనా, ఆస్తి యావత్తూ ఆయనదే. కుమారునికి అందులో వాటా అడిగే అధికారం లేదు. తండ్రి కన్నుమూసిన క్షణాననే వారసులందరికీ వారి వారి వాటాలు ఒక్కసారిగా సంక్రమిస్తాయి. హిందూ అవిభక్త కుటుంబపు పద్ధతి ఇందుకు భిన్నమైనది. అక్కడ పిత్రార్జితంలో పుట్టుకతోనే హక్కు ఉన్నది. ఆ హక్కు కుమార్తెలకు కూడ ఉండవలెనని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో చట్టం చేసి, దానిని 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి తెచ్చింది. కేంద్ర ప్రభుత్వం అదే పని దేశమంతటికీ చేయుటకు 2005 వరకు ఆగవలసి వచ్చింది. తెలుగువారు చెప్పుకోదగిన విషయాలలో ఇది ఒకటి.

మరణానంతరం ఆస్తి పంపకానికి ఒక వరుస కలదు. అంత్యక్రియల ఖర్చు మొదటిది. అప్పులు రెండవవి. మూడవది వసీయత్. ఈ మూడింటికీ పోగా మిగిలినదే వారసులకు చెందుతుంది. అప్పులలో భార్యకు చెల్లించవలసి ఉండిపోయిన మెహర్ కూడ చేరుతుందన్న సంగతిని చాలా కుటుంబాలు మరచిపోతున్నవి. అది దయతో ఇచ్చేది కాదు, వాటాలో కలిసిపోయేది కాదు. షావుకారుకు ఇవ్వవలసిన బాకీ వంటిదే అదియును. మెహర్ బాకీని ముందుగా తీసుకొని, ఆపైన మిగిలిన దానిలో ఆమె తన వాటాను వేరుగా పొందవలెను.

ఒక లెక్క వేసి చూద్దాము. సున్నీ సంప్రదాయానికి చెందిన ఒక గృహస్థు 40 లక్షల విలువ గల ఆస్తి విడిచి మరణించాడనుకొందాము. భార్య, తల్లి, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె ఉన్నారు. తండ్రి అంతకు ముందే గతించాడు. మెహర్‌తో సహా అప్పులు, అంత్యక్రియల ఖర్చు కలిపి 4 లక్షలు. మిగిలినవి 36 లక్షలు. వసీయత్ ఏదీ లేనిచో, సంతానమున్నది కావున భార్యకు ఎనిమిదవ వంతు, అనగా నాలుగున్నర లక్షలు. తల్లికి ఆరవ వంతు, 6 లక్షలు. మిగిలిన 25.50 లక్షలను కుమారునికి రెండు పాళ్ళు, కుమార్తెకు ఒక పాలు చొప్పున ఐదు భాగాలు చేయగా, ఒక్కొక్క కుమారునికి 10.20 లక్షలు, కుమార్తెకు 5.10 లక్షలు వస్తాయి. అంకగణితం వచ్చిన ఏ విద్యార్థియైనా చేయగల లెక్క ఇది. అయినను దీని మీద ఏళ్ళ తరబడి వ్యాజ్యాలు నడుస్తున్నవి.

ఇప్పుడు ఆ ఇంటిలో ఇంకొకరు ఉన్నారనుకొందాము. ఆ గృహస్థుకు మూడవ కుమారుడొకడు ఉండి, తండ్రి కంటె ముందే మరణించాడు. అతని పిల్లలిద్దరు తాతగారి ఇంటిలోనే పెరుగుతున్నారు. వారికేమి వస్తుంది? పై లెక్కలో వారికి ఒక్క రూపాయి కూడ రాదు. సమీప బంధువు ఉండగా దూరపు బంధువుకు వారసత్వం లేదన్నది సూత్రం. కుమారుడు బ్రతికి ఉండగా మనుమడు వారసుడు కాజాలడు. తండ్రి పోయిన దుఃఖంలో ఉన్న పిల్లలకు, తాత పోయిన దినాన నిలువ నీడ కూడ పోయే ప్రమాదమున్నది.

ఈ కష్టాన్ని గుర్తించి ఈజిప్టు దేశం 1946లో ఒక చట్టం చేసింది. తాత వసీయత్ చేయకపోయినా, మూడవ వంతుకు మించకుండా, ఆ మనుమల కొరకు చేసినట్లే భావించవలెనని దాని సారాంశం. పాకిస్తాన్ 1961లో వేరొక మార్గాన, చనిపోయిన కుమారుని స్థానంలో అతని పిల్లలు నిలిచి ఆ వాటాను పొందేటట్లు శాసించింది. మన దేశంలో ముస్లింలకు అటువంటి శాసనం లేదు. కాబట్టి ఆ తాత తన చేతులారా చేయవలసిన పని ఒకటి మిగిలి ఉన్నది. అదే వసీయత్.

ముస్లిం తన ఆస్తిలో మూడవ వంతు వరకు వసీయత్ ద్వారా ఇతరులకు ఇవ్వవచ్చును. తనకున్నది ఒక్క కుమార్తెయే గనుక ఆస్తిని దానం చేసెదనన్న సహచరుడు హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్‌కు, మూడవ వంతు చాలును, అదియును ఎక్కువేనని ప్రవక్త సెలవిచ్చినట్లు హదీసు వలన తెలియుచున్నది. ఈ పరిమితికి ఆధారం అదే. వారసులను బీదలుగా విడిచిపెట్టరాదన్నది అందులోని ఆంతర్యం.

మన ఉదాహరణలో మూడవ వంతు 12 లక్షలు. తాత ఆ మొత్తాన్ని ఇద్దరు మనుమలకు వ్రాసినచో, మిగిలిన 24 లక్షలలో భార్యకు 3, తల్లికి 4, ఒక్కొక్క కుమారునికి 6.80, కుమార్తెకు 3.40 లక్షలు వస్తాయి. ఎవరి వాటా పూర్తిగా పోలేదు. పిల్లలకు చదువుకొనుటకు ఆధారం దొరికింది. న్యాయశాస్త్రం గుర్తించని పెంపుడు బిడ్డ విషయంలోను ఇదే మార్గం. ముస్లిం న్యాయంలో దత్తత వలన వారసత్వం రాదు. ప్రేమతో పెంచినవారు వసీయత్ చేయక పోయినచో ఆ బిడ్డ పరాయి బిడ్డగానే మిగులుతాడు.

మూడవ వంతును మించి వ్రాసినచో ఏమగును? వారసులు ఒప్పుకొన్నచో చెల్లును. లేనిచో మూడవ వంతు వరకే చెల్లి, పొందవలసినవారు పలువురైతే అందరికీ దామాషాగా తగ్గును. ఇంకొక నియమం ఎక్కువ కలహాలకు మూలమైనది. సున్నీల హనఫీ న్యాయంలో వారసునికే వసీయత్ చేయుట చెల్లదు. మిగిలిన వారసులు, అదియును మరణానంతరం, సమ్మతించినప్పుడు మాత్రమే చెల్లును. పెద్ద కుమారునికి ఇల్లంతా వ్రాసి, మిగిలినవారి చేత తాను బ్రతికి ఉండగా సంతకాలు పెట్టించుకొన్న తండ్రి కాగితం నిలువదు. షియా న్యాయంలో మూడవ వంతుకు లోబడి వారసునికి కూడ ఇతరుల సమ్మతి లేకుండ ఇవ్వవచ్చును.

వసీయత్ నోటిమాటగా చేసినను చెల్లును. వ్రాతకు ఒక రూపమంటూ లేదు. భారత వారసత్వ చట్టం, 1925 ప్రకారం హిందువుల, క్రైస్తవుల వీలునామాలకు ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. ఆ నియమం ముస్లింల వసీయత్‌కు వర్తించదు. ఐనను నోటిమాటను నమ్ముకొనుట ఎంత మాత్రం క్షేమం కాదు. చెప్పినవాడు లేడు, విన్నవారు తలకొక విధంగా చెబుతారు. కాబట్టి వ్రాయించుటయే మేలు. ఇద్దరు సాక్షులను పెట్టుకొనుట మరింత మేలు. ఆ సాక్షులు ఆస్తి పొందేవారు కాకూడదు, వ్రాసేవారి కంటె వయసులో చిన్నవారైతే మంచిది. ఇంటి నంబరు, సర్వే నంబరు, నాలుగు వైపుల హద్దులు స్పష్టంగా ఉండవలెను. ‘నా ఆస్తి’ అని ఊరకే వ్రాసి వదిలినచో వకీళ్ళకు పని పెరుగుతుంది. వీలునామా ద్వారా లాభం పొందేవాడే దానిని దగ్గరుండి వ్రాయించినప్పుడు, వ్రాసినవారు మంచాన పడి ఉన్నప్పుడు, సహజ వారసులను కారణం చెప్పకుండా వదిలివేసినప్పుడు న్యాయస్థానాలు ఆ పత్రాన్ని అనుమానంతో చూస్తాయి. ఆ అనుమానాలను పోగొట్టవలసిన భారం పత్రాన్ని తెచ్చినవాని మీదనే ఉంటుందని సుప్రీం కోర్టు 1958లోనే స్పష్టం చేసింది. వీలునామాను వ్రాసినవారు తమ జీవితకాలంలో ఎన్నిసార్లైనా మార్చవచ్చును, రద్దు చేయవచ్చును.

హిబా, అనగా దానం, దీనికి పూర్తిగా భిన్నమైనది. వసీయత్ మరణానంతరం ప్రాణం పోసుకొనును. హిబా వెంటనే అమలగును. మూడవ వంతు పరిమితి దీనికి లేదు. ఉన్నదంతా ఒక్కరికే ఇవ్వవచ్చును. దీనికి మూడు అంగాలు: ఇచ్చుచున్నానన్న ప్రకటన, పుచ్చుకొన్నవారి అంగీకారం, ఆస్తి స్వాధీనం. మూడవది లేనిచో మొదటి రెండు వ్యర్థం. తండ్రి మైనరు బిడ్డకు ఇచ్చునప్పుడు స్వాధీనాన్ని వేరుగా అప్పగించనక్కరలేదు. సంరక్షకుడు ఆయనే గనుక.

స్థిరాస్తిని దానం చేసే పత్రాన్ని రిజిస్టరు చేయవలెనని ఆస్తి బదిలీ చట్టం, 1882 చెబుతున్నది. కాని అదే చట్టంలోని 129వ సెక్షను ముస్లింల దానాలను ఆ నియమం నుండి మినహాయించింది. మరి హిబాను కాగితం మీద వ్రాసి, రిజిస్టరు చేయించకుండ విడిచినచో? ఈ ప్రశ్న మన ఆంధ్రప్రదేశ్ నుండియే సుప్రీం కోర్టు దాక పోయింది. 1968లో ఒక తండ్రి కుమారునికి వ్రాసి ఇచ్చిన హిబా పత్రం రిజిస్టరు కాలేదు. అది చెల్లదని హైకోర్టు తీర్పు చెప్పింది. 2011లో సుప్రీం కోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చి, మూడు అంగాలు ఉన్నప్పుడు కాగితం రిజిస్టరు కానంత మాత్రాన హిబా చెడదని నిర్ణయించింది. పత్రం గెలిచింది, అయితే వ్రాసిన నలుబది మూడేండ్లకు గెలిచింది. చట్టం అవసరం లేదన్నను హిబానామాను రిజిస్టరు చేయించుటయే బుద్ధిమంతుల లక్షణమని ఈ ఒక్క లెక్క చాలు చెప్పుటకు. బ్యాంకు ఋణమిచ్చేటప్పుడు గాని, పురపాలక సంఘం పేరు మార్చేటప్పుడు గాని అడిగేది రిజిస్టరైన పత్రాన్నే.

మరణవ్యాధిలో ఉండి చేసిన హిబాను న్యాయం వసీయత్‌గానే లెక్కిస్తుంది; మూడవ వంతు పరిమితి, వారసుల సమ్మతి దానికీ వర్తిస్తాయి. ఇంకొక హెచ్చరిక కూడ అవసరం. హిబా చేసిన వృద్ధులు తమ ఇంటిలోనే పరాయివారైపోవుట మనం చూస్తున్నాము. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో ఇందుకు ఒక విరుగుడు ఉన్నది. తన పోషణ చూడవలెనన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినప్పుడు ట్రిబ్యునలు ద్వారా రద్దు చేయించుకొనవచ్చును. ఆ షరతు పత్రంలోనే వ్రాసి ఉండుట క్షేమం.

కుమార్తెల వాటా విషయం ఇక్కడ దాటవేయరాదు. ఖురాను నిర్ణయించిన వాటాను, పెండ్లి ఖర్చు అయినదన్న మిషతో, ఆడపడుచు చేత హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించి తీసివేసే ఆచారం అనేక కుటుంబాలలో పాతుకొనిపోయింది. హిందూ కుటుంబాలు కూడ ఇందుకు మినహాయింపు కావు. తండ్రి బ్రతికి ఉండగా వ్రాయించుకొన్న ఇటువంటి విడుదలకు సామాన్యంగా విలువ లేదు. ఇంకా రాని హక్కును వదులుకొనుట సాధ్యం కాదు గదా. అయితే ప్రతిఫలం పుచ్చుకొని వదులుకొని, దానిని నమ్మి ఇతరులు నడచుకొన్న తరువాత మరల అడుగరాదని 1972లో సుప్రీం కోర్టు ఒక కేసులో చెప్పింది. తండ్రి మరణించిన తరువాత, తన వాటా ఎంతో తెలిసికొని, రిజిస్టరు పత్రం ద్వారా వదులుకొన్నచో అది చెల్లును. సంతకం పెట్టబోయే చెల్లెలికి పైన చూపిన లెక్కను వేసి చూపవలసిన బాధ్యత చదువుకొన్న అన్నగారిదే.

వక్ఫ్, ట్రస్టు అన్నవి మరొక మార్గం. ఆస్తిని విక్రయించకుండా, పంచకుండా నిలిపి, దాని ఆదాయాన్ని మాత్రం నిర్ణీత కార్యానికి వినియోగించుట వీటి స్వభావం. కుటుంబం కొరకు ఏర్పరచి, వంశం అంతరించిన తరువాత ధర్మకార్యానికి చెందేటట్లు చేసే దానిని వక్ఫ్ అలల్ ఔలాద్ అంటారు. 1894లో లండనులోని ప్రివీ కౌన్సిలు ఇటువంటి ఒక వక్ఫ్ చెల్లదన్నది. దేశమంతటా ముస్లింలు అసంతృప్తి వెలిబుచ్చగా, జిన్నా ప్రతిపాదించిన బిల్లు 1913లో చట్టమై వాటిని చెల్లునట్లు చేసింది. 2025 నాటి వక్ఫ్ సవరణ చట్టం ప్రకారం వ్రాతపూర్వకమైన వక్ఫ్‌నామా లేకుండ కొత్త వక్ఫ్ ఏర్పడదు. వక్ఫ్ అలల్ ఔలాద్ వలన స్త్రీలతో సహా వారసులెవరి హక్కు పోరాదు. ఆ చట్టంలోని కొన్ని నిబంధనలను సుప్రీం కోర్టు 2025 సెప్టెంబరు 15న తాత్కాలికంగా నిలిపివేసింది. మతధర్మంతో సంబంధం లేని ప్రైవేటు ట్రస్టుకు 1882 నాటి భారత ట్రస్టుల చట్టం ఉన్నది. స్థిరాస్తితో కూడిన ట్రస్టును రిజిస్టరు పత్రం ద్వారా గాని, వీలునామా ద్వారా గాని మాత్రమే ఏర్పరచవలెను. బుద్ధిమాంద్యం గల బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు ఇది చాలా ఉపయోగపడే సాధనం. మన ప్రాంతంలో దీని వినియోగం స్వల్పం.

‘ప్రొబేటు’ అన్న మాట పుస్తకాలలో తరచు కనబడుతుంది. న్యాయస్థానం వీలునామాను పరిశీలించి, అది నిజమైనదేనని తన ముద్ర వేసి, దానిని అమలు జరుపుటకు నియమింపబడిన వ్యక్తికి ఇచ్చే ప్రతియే ప్రొబేటు. ఆ వ్యక్తిని ఉర్దూలో వసీ అంటారు. కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలలో వ్రాసిన, లేదా ఆ నగరాలలోని స్థిరాస్తికి సంబంధించిన హిందువుల వీలునామాలకు ఇది వెనుక తప్పనిసరిగా ఉండేది. 2025 చివర పార్లమెంటు ఆ నిబంధననే తొలగించింది. ముస్లింలకు అది మొదటి నుండి లేదు. హైదరాబాదులోనో, కర్నూలులోనో వ్రాసిన వసీయత్‌కు ప్రొబేటు తెమ్మని ఎవరైనా అన్నచో, అట్టి నిర్బంధం లేదని మర్యాదగా చెప్పవచ్చును.

వీలునామా లేనప్పుడు, బ్యాంకు నిలువలు, షేర్లు, ఇతరుల నుండి రావలసిన బాకీలు వసూలు చేయుటకు సివిలు కోర్టు వారసత్వ ధృవపత్రం ఇస్తుంది. ఇండ్లకు, భూములకు ఆ పత్రం వర్తించదు. తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధృవపత్రం ఇంటిలో ఎవరెవరున్నారో చెప్పునే గాని, ఎవరి వాటా ఎంతో చెప్పదు. రెవెన్యూ రికార్డులో పేరు మారినంత మాత్రాన యాజమాన్యం మారదు. అది శిస్తు కొరకు ఉద్దేశించినది.

నామినీ సంగతి కూడ అంతే. బ్యాంకు ఖాతాలో నామినీగా ఉన్నవాడు ఆ డబ్బుకు యజమాని కాడు, వారసుల తరపున దానిని అందుకొనే చేయి మాత్రమే. జీవిత బీమా విషయంలో 1983లోను, షేర్ల విషయంలో 2023లోను సుప్రీం కోర్టు ఇట్లే తీర్పు చెప్పింది. అయితే బీమా చట్టాన్ని 2015లో సవరించిన మీదట, పాలసీదారు తన తల్లిదండ్రులను, భార్యను లేక భర్తను, పిల్లలను నామినీలుగా చూపినచో, ఆ సొమ్ము మీద వారికే హక్కు ఏర్పడుతుంది. 2025 నవంబరు 1 నుండి బ్యాంకు ఖాతాలకు నలుగురు నామినీలను వ్రాసుకొనే వీలు కలిగింది.

ఇక పత్రాల రిజిస్ట్రేషను. విక్రయ దస్తావేజు, భాగపరిష్కార దస్తావేజు, హక్కు విడుదల పత్రం వంటి స్థిరాస్తి పత్రాలను సంతకం చేసిన నాలుగు నెలలలోపల సబ్ రిజిస్ట్రారు ముందు దాఖలు చేయవలెను. రిజిస్టరు కాని పత్రం ఎంత చక్కగా వ్రాసి ఉన్నను, హక్కును నిరూపించుటకు సామాన్యంగా సాక్ష్యంగా పనికిరాదు. వీలునామాకు ఈ గడువు లేదు, స్టాంపు సుంకం లేదు, రిజిస్ట్రేషను నిర్బంధమూ లేదు. ఇంకొక సూక్ష్మం: ఆస్తి కొనేవారు తీసే ఈసీలో వీలునామాలు కనబడవు. నోటిమాట హిబాలు అసలే కనబడవు. కాబట్టి ఈసీ నిర్మలంగా ఉన్నదని తృప్తి పడక, అమ్మేవారికి ఆ ఆస్తి ఎట్లు వచ్చినదో, తోడి వారసులు ఎవరో విచారించవలెను.

వీలునామాను ఇంటిలో దాచుటకు భయపడేవారికి రిజిస్ట్రేషను చట్టం, 1908లోనే ఒక సదుపాయం ఉన్నది. దానిని కవరులో పెట్టి, సీలు వేసి, పైన తమ పేరు వ్రాసి, జిల్లా రిజిస్ట్రారు వద్ద భద్రపరచవచ్చును. లోపలేమున్నదో ఆయన చూడడు. వ్రాసినవారు మనసు మారినప్పుడు కవరును వెనుకకు తీసికొనవచ్చును. వారి మరణానంతరం ఎవరైనా దరఖాస్తు చేసినచో, మరణాన్ని రూఢి చేసికొని, దరఖాస్తుదారుని సమక్షంలో కవరు తెరచి, అందులోని విషయాన్ని 3వ నంబరు పుస్తకంలోనికి ఎక్కించి, అసలు పత్రాన్ని మరల తన వద్దనే భద్రపరచును. సీలు కవరు వద్దనుకొని సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నేరుగా రిజిస్టరు చేయించుకొన్నను, వ్రాసినవారు జీవించి ఉన్నంత కాలం వారికి గాని, వారి ఏజెంటుకు గాని తప్ప మరెవరికీ దాని నకలు ఇవ్వరు.